కరెంటు పోయినా చెదరని చిట్టా

పర్లాకిమిడిలో జెరాక్స్ షాపు నడిపే పాఠకుడొకరు అడిగారు: "పెన్‌డ్రైవ్‌లోకి ఫోటోలు ఎక్కుతుండగా కరెంటు పోయింది. వచ్చాక కంప్యూటర్ మామూలుగానే లేచింది. పెన్‌డ్రైవ్‌ను చెక్ చేయమంటే సరే అన్నాను. ఇప్పుడు ఫోటోల బదులు ఫౌండ్.000 అనే ఫోల్డరు, దాన్నిండా సీహెచ్‌కే ఫైళ్లు! పోయింది ఒకే కరెంటు కదా, దానికో న్యాయం, దీనికో న్యాయమా?"

పాతకాలం కిరాణా కొట్టు షావుకారును తలచుకోండి. సరుకు వెళ్లిన వరసలో ముందు చిట్టాలో గబగబా గిలుకుతాడు. తీరిగ్గా ఒక్కో ఖాతా పేజీ తీసి ఆవర్జాలోకి (ఖాతాల పుస్తకం) ఎక్కిస్తాడు. ఆ పని సగంలో వదిలేసినా మర్నాడు చిట్టా చూసి పూర్తిచేస్తాడు.

డిస్కులో ఒక ఫోటో దాచాలంటే మూడుచోట్ల రాయాలి: ఫోటో, అది ఎక్కడుందో చెప్పే నమోదు, ఏ బ్లాకులు (డిస్కులోని గళ్లు) నిండాయో చూపే పట్టిక. మధ్యలో కరెంటు పోతే, ఖాళీ అని పట్టికలో ఉన్నచోట నిజానికి మీ ఫోటో ఉండొచ్చు. రేపు ఇంకో ఫైలు దాని మీద పడుతుంది. అందుకే విండోస్ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్ల లెక్క రాసుకునే పద్ధతి) ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993లోనే చిట్టాతో వచ్చింది, లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఈఎక్స్‌టీ కుటుంబానికి ఈఎక్స్‌టీ3తో 2001లో అబ్బింది. దాని తమ్ముడు ఈఎక్స్‌టీ4 మామూలుగా నమోదు, పట్టికల మార్పులను చిట్టాలో రాసి, చివర్న కమిట్ బ్లాకు అనే గీత గీస్తుంది. కరెంటొచ్చాక గీత ఉన్న పద్దులు ఆవర్జాకు ఎక్కుతాయి, లేనివి చెల్లవు.

అసలు తెలివి ఇక్కడుంది. షావుకారు "యాభై కలుపు" అని రాసుకుంటే, ఎక్కించానో లేదో మరిచి రెండుసార్లు కలిపే ప్రమాదముంది. ఈఎక్స్‌టీ4 "నిలవ 350" అన్నట్టు మారిన బ్లాకును మొత్తంగా రాస్తుంది. పదిసార్లు ఎక్కించినా నిలవ 350యే. రికవరీ నడుస్తుండగా మళ్లీ కరెంటు పోయినా బెంగ లేదు. 

పెన్‌డ్రైవ్‌లో మామూలుగా ఉండేది ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్. టీవీలు, కెమెరాలు చాలావరకు చదవగలవు గానీ చిట్టా లేదు. ఏ ఖాతావో తేలని ముక్కలే ఆ సీహెచ్‌కే ఫైళ్లు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకేమీ రాయకండి. జేపెగ్ ఫోటో ఎఫ్‌ఎఫ్ డీ8 అనే బైట్లతో మొదలవుతుంది కాబట్టి, ఆ గుర్తు పట్టుకుని వెతికే ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు కొన్నయినా దొరకొచ్చు.

చిట్టా ఉన్న డిస్కుకూ ధీమా పనికిరాదు. మామూలుగా అది కాపాడేది ఖాతాల పొందికనే, సరుకును కాదు. మీరు పొరపాటున డిలీట్ కొడితే ఆ డిలీట్‌నూ నిజాయితీగా ఎక్కిస్తుంది. డిస్కే పాడైతే చిట్టా, ఆవర్జా రెండూ గల్లంతు. దసరాకు సీపీయూకి కుంకుమ పెడితే నాకేం పేచీ లేదు (ఫ్యాన్ కన్నాల్లో పడకపోతే చాలు), కానీ ఆ రోజే బ్యాకప్ కూడా తీయొచ్చుగా!

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ముంచెత్తింది. కాపీ డిస్కు అదే షాపు అరలో ఉంటే రెండూ కలిసే తడుస్తాయి. బరంపురంలో చుట్టాలుంటే రెండో కాపీ వాళ్ల బీరువాలో పెట్టండి. షాపులో ఉంచేదాన్ని వారం వారం కాపీ అవగానే కంప్యూటర్ నుంచి పీకేయండి. తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. పీకే ముందు ఒకటి రెండు ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.