పండక్కి బూడిదరంగు గోడ

చిన్నీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. ఊరంతా సంక్రాంతికి రంగులేసుకుంటుంటే మన కొత్తింటి బయటి గోడలే బూడిద మొహాలతో ఉండాలా, పెయింటరు మామయ్య ఇంకా ఆగమంటాడేమిటని కదూ మీ గోల? ప్లాస్టింగ్ డిసెంబరు 20న అయింది. రంగు వేసేముందు ఆగాల్సిన 28 రోజులు దానికి లెక్కేయండి. ముక్కనుమ దాటాల్సిందే. నేను మామయ్య పక్షం.

కొత్త గోడంటే పురిటిబిడ్డరా. పుట్టగానే పట్టులంగా తొడుగుతామా? మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి, రోజూ నీళ్లు పోసి, 21వ రోజున బారసాల చేసి అప్పుడు కొత్త బట్టలు. మేస్త్రి తాపీ కడుక్కుని వెళ్లిన మర్నాటి నుంచి వారం రోజులు పొద్దునా సాయంత్రం గోడకి పైపుతో నీళ్లు కొట్టారు కదా, అదీ స్నానం. సిమెంటు ఆరి గట్టిపడుతుందనుకుంటారు చాలామంది. ఆ నీళ్లు తాగే గట్టిపడుతుంది. మిగిలిన తడి తర్వాత మెల్లగా బయటికొస్తూ లోపలి ఉప్పుని మోసుకొచ్చి, తెల్లటి పొడిలా పైన వదిలేస్తుంది, బిడ్డ పాలు కక్కినట్టు. అది కనిపిస్తే పొడి బ్రష్షుతో దులపాలి. మరి సాంబ్రాణి పొగ ఎప్పుడెయ్యాలని అడక్కండి, నా పోలిక అంతదూరం రాదు.

అసలు పేచీ సున్నంతో. సిమెంటు నీళ్లతో కలిస్తే సున్నం పుడుతుంది, తమలపాకుకి రాసుకునే సున్నమే. మా చిన్నప్పుడు పండగ ముందు గాబులో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే, పొయ్యి లేకుండానే కుతకుత ఉడికేది. కంట్లో చుక్క పడితే చూపు పోతుందని మా నాన్న మమ్మల్ని అరుగు దిగనిచ్చేవాడు కాదు. చల్లారాక తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలిపి, ఈతమట్ట కొస నలగ్గొట్టిన కుంచె నా చేతికిచ్చేవాడు. వేస్తున్నప్పుడు గోడ మీద ఏమీ కనపడేది కాదు, నీళ్లు పూసినట్టే. సరిగ్గా వెయ్యలేదని తిట్లు తిని పడుకుంటే, తెల్లారేసరికి గోడ మల్లెపువ్వులా ఉండేది. ఆ పొద్దు ఇంకా నా కళ్లల్లోనే ఉంది.

అంత తెలిసినవాణ్ణి, మన పాతిల్లు కట్టినప్పుడు గృహప్రవేశానికి తొందరపడ్డాను. ప్లాస్టింగైన పదో రోజున, పెయింటరు వద్దంటున్నా వినకుండా, బయటి గోడ అడుగున ఎర్రటి ఆయిల్ పెయింటు బోర్డరు వేయించాను. వానాకాలం వచ్చేసరికి వేలు పెడితే జిగటగా ఊడొచ్చింది. నూనె, తడి, ఘాటు సున్నం కలిస్తే ఏమవుతుంది? సబ్బు! డబ్బులు పోసి గోడకి సబ్బు పూశానన్నమాట. మీ నాన్నమ్మ ఆ బోర్డరు సంగతి ఎత్తకుండా ఇప్పటికీ ఒక్క పండగా దాటదు. ఇప్పటి ఎమల్షన్లు, అంటే నీళ్లతో కలిపే రంగులు, సున్నానికి అంత తేలిగ్గా లొంగవు గానీ, అడుగున తడి ఉంటే అవీ బుడగలు కట్టి పొరలూడతాయి.

గడువు తీరాక మామయ్య గోడని గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, రంగు పట్టడానికి ముందు పూసే ప్రైమరు ఒక కోటు, అది ఆరాక రెండు కోట్లు రంగు వేస్తాడు. ఎండ మొహాన కొట్టే వేళ కాకుండా, నీడ తిరిగిన వైపు చూసుకుని వేస్తాడు. నిచ్చెన కింద నిలబడి సలహాలివ్వకండి.

ఈలోగా పసుపు నీళ్లు కలిపి, పెరటివైపు అమ్మ కంటపడని చోట గోడకి ఒక చుక్క పెట్టండి. ఏ రంగుకి తిరుగుతుందో నేను చెప్పను. దిష్టి నీళ్లలో ఏమేం కలుపుతావని నాన్నమ్మని అడిగి మరీ వెళ్లండి.

గోడ బోసిగా ఉందని బాధైతే చెంబెడు నీళ్లు, పాత బ్రష్షు తీసుకుని గొబ్బెమ్మలు, గాలిపటాలు గీసుకోండి. బూడిద గోడ మీద నల్లగా తేలి, చూస్తుండగానే మాయమైపోతాయి. ఒకే వైపు గోడ మీద ఏ బొమ్మ అన్నిటికన్నా ఆలస్యంగా పోయిందో గుర్తుపెట్టుకుని, అక్కడ తడి ఇంకా ఉందేమో చూడమని ఆ చోటు మామయ్యకి చూపించండి.

మీ తాతయ్య