మోరీ ఈగల ఇల్లు ఎక్కడ?

చిక్కడపల్లి, హైదరాబాద్,
ఆషాఢ మాసం, బోనాల ఆదివారం.

చిరంజీవులైన మనవరాలికీ మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరు అడిగిన ప్రశ్న రెండు మాటలలో తేలేది కాదు కనుక, నిదానంగా ఉత్తరం రాస్తానని చెప్పాను. "స్నానాల గది గోడ మీద బూడిదరంగు చిట్టి సీతాకోకచిలుకలు వాలుతున్నాయి, అమ్మ స్ప్రే కొడితే చచ్చిపోతున్నాయి, రెండు రోజులకు మళ్ళీ అన్నే కనబడుతున్నాయి, ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి తాతయ్యా?" అని అడిగారు. కిటికీకి దోమతెర బిగించినా ఆగలేదని కూడా చెప్పారు. అవి కిటికీలో నుంచి రావడం లేదమ్మా. మీ ఇంట్లోనే పుట్టి, మీ ఇంట్లోనే పెరిగాయి.

అవి సీతాకోకచిలుకలు కావు. ఈగలూ దోమలూ పుట్టిన రెండు రెక్కల వంశంలోనివే. మన హైదరాబాదులో మురుగునీరు పోయే దారిని మోరీ అంటాము కనుక వీటిని మోరీ ఈగలు అందాము. ఒక్కొక్కటి 2 నుంచి 5 మిల్లీమీటర్లకు మించదు. ఒంటి నిండా, రెక్కల నిండా నూగు ఉంటుంది. అవి కుట్టవు, దూరం ఎగరలేవు. గోడ మీద చెయ్యి ఆనిస్తే కాస్త గెంతినట్లు లేచి, పక్కనే మళ్ళీ వాలుతాయి. అంత దుర్బలమైన ప్రాణి ఇన్ని రోజులుగా ఒక ఇంటిని వదలకుండా ఉన్నదంటే, దాని కడుపు నింపే చోటు చాలా దగ్గరలో ఉండి తీరాలి.

ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలంటే మా నాయనమ్మ పాలకుండ దగ్గరకు వెళ్ళాలి. నల్లగొండ జిల్లాలోని మా ఊరిలో ఆవిడ పిడకల మంట మీద మట్టికుండలో పాలు కాచేది. పొద్దున పోసిన పాలు సాయంత్రం దాకా సన్నని సెగ మీద కాగుతూ ఎర్రబడేవి. పాలన్నీ వేరే గిన్నెలోకి వంచేసిన తరువాత కుండ లోపలి గోడకు మందమైన పొర ఒకటి అంటుకొని ఉండేది. మేము నలుగురు పిల్లలము తలా ఒక ఆల్చిప్ప పట్టుకొని ఆ కుండ చుట్టూ కూర్చొని, ఆ పొరను గోకి తినేవాళ్ళము. ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తున్నది. మేము తినగా మిగిలినదానిని వదిలించడానికి నాయనమ్మ ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా, వేడినీళ్ళు పోసినా అది నాని మెత్తబడేది తప్ప ఊడేది కాదు. చివరకు బూడిదా కొబ్బరిపీచూ తీసుకొని, చెయ్యి లోపల పెట్టి తోమితేనే కుండ శుభ్రపడేది.

మీ స్నానాల గది జాలీ కింద ఉన్న గొట్టం అటువంటి పాలకుండే. రోజూ సబ్బునురగ, తలనూనె, రాలిన వెంట్రుకలు, ఒంటి మురికి అందులో నుంచి పోతాయి. నీళ్ళు వెళ్ళిపోతాయి, పొర మిగులుతుంది. ఆ పొర మీద సూక్ష్మజీవులు, బూజు పెరిగి అది జిగురు పాచి అవుతుంది. తల్లి ఈగ ఆ పాచిలో 30 నుంచి 100 దాకా గుడ్లు పెడుతుంది. రెండు రోజులలో అవి పగిలి, సన్నని పురుగులు బయటపడి, మేము ఆల్చిప్పలు పట్టుకొని కూర్చున్నట్లే ఆ పాచి చుట్టూ చేరి, 9 నుంచి 15 రోజులు తిని పెరుగుతాయి. ఆ తరువాత ఒకటి రెండు రోజులు పురుగుకూ ఈగకూ నడిమి దశ అయిన ప్యూపాగా ఉండి, రెక్కలు తెచ్చుకొని గోడ మీదకు వస్తాయి. అమ్మ స్ప్రే కొడుతున్నది తిని బయటకు వచ్చిన పిల్లల మీద. కుండ దగ్గర ఇంకా కూర్చున్నవారికి ఆ సంగతే తెలియదు.

మా ఊరిలో స్నానాల బండ నుంచి నీళ్ళు అరటిచెట్ల పాదుల్లోకి పారేవి. మధ్యాహ్నపు ఎండకు ఆ కాలువ పూర్తిగా ఎండిపోయేది. అందువల్లనేమో, నా చిన్నతనంలో ఈ ఈగలను చూసిన గుర్తు లేదు. అపార్ట్‌మెంటు గొట్టాలలో ఎండా లేదు, ఆరుదలా లేదు.

ఇక చేయవలసిన పని. జాలీ ఎత్తి, కింద నీళ్ళు నిలిచే గిన్నె వంటి నహానీ ట్రాప్‌లోని కప్పును బయటకు తీసి, గట్టి కుచ్చుల పొడవాటి బ్రష్షుతో గొట్టం లోపలి గోడను, జాలీ అడుగు భాగాన్ని, కప్పును చాకలిసోడాతో తోమాలి. మరిగే నీళ్ళు పోస్తే చాలని కొందరు చెబుతారు. పాచి లోపలికి ఆ వేడి దిగదు, పైగా ప్లాస్టిక్ గొట్టం మెత్తబడుతుంది. ఫినాయిల్ కూడా జారిపోతుందే గాని పాచిని ఊడదీయదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. బ్లీచింగ్ పౌడరునూ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకూడదు. కలిపితే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఈ సీసాలను మీరు అసలు ముట్టుకోవద్దు. తోమిన మరునాడే ఈగలు మాయం కావు. ఇప్పటికే రెక్కలు వచ్చినవి మరో రెండు వారాల దాకా బతకగలవు కనుక, అంతవరకు వారానికి రెండుసార్లు తోముతూ ఓపిక పట్టమని అమ్మతో చెప్పండి. చుట్టాలు వచ్చినప్పుడే తెరిచే ఆ రెండో స్నానాల గదిని మరచిపోవద్దు. వాడని మోరీలో ట్రాప్ నీళ్ళు ఆవిరైపోయి, కింది మురుగు గొట్టానికి దారి తెరుచుకుంటుంది. వారానికి ఒక చెంబు నీళ్ళు అందులో పోయడం మీ ఇద్దరి పనిగా పెట్టుకోండి.

వాటి మీద కోపం మాత్రం పెట్టుకోకండి. పాచిలో మునిగి ఉన్న ఆ పురుగు తోక చివరన చిన్న గొట్టం ఉంటుంది. దానిని గాలిలోకి చాచి ఊపిరి పీలుస్తుంది. పెద్ద ఈగ మీద నీళ్ళు చల్లితే నూగు వల్ల రెక్కలు తడవవు. కొన్నిచోట్ల మురుగునీటిని రాళ్ళ పరుపుల మీదుగా పారించి శుద్ధి చేస్తారు. ఆ రాళ్ళకు పట్టే పాచిని తిని, పరుపు మూసుకుపోకుండా కాపాడేవాటిలో ఈ పురుగులూ ఉన్నాయి. మన బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ వైద్యుడు ఒక దోమ పొట్టను కోసి, మలేరియా జాడను అందులో చూశాడు. అందరూ విదిలించి కొట్టే ప్రాణిని ఆయన దగ్గరగా చూశాడు.

మీరు కూడా చూడండి. ఈ రాత్రి పడుకునే ముందు రెండు స్నానాల గదులలో, వంటింటి సింకులో, వాషింగ్ మెషీన్ దగ్గర, ఒక్కొక్క మోరీ అంచును పొడిగుడ్డతో తుడిచి, గాలి ఆడేందుకు సందు వదిలి, జిగురు వైపు కిందికి ఉండేలా టేపు అంటించండి. నాలుగు రాత్రులు అలాగే చేసి, ఏ టేపుకు ఎన్ని ఈగలు అంటుకున్నాయో మోరీ వారీగా నోటుపుస్తకంలో రాయండి. ఎక్కువ అంటుకున్న చోటే మన పాలకుండ. వచ్చే ఆదివారం నేను భూతద్దం తీసుకొని వస్తాను. ఆ టేపులను పారేయకుండా దాచి ఉంచండి.

మీ తాతయ్య