కేళీ వెన్నును పారేయకండి

కర్నూలు దగ్గర కేసీ కాలువ కింద సోనా వడ్లను విత్తనానికి వేసిన రైతు, వరి ఈనేటప్పుడొకసారి, కోతకు ముందొకసారి మడిలోకి దిగి కేళీలు, అంటే రకానికి భిన్నంగా ఉన్న మొక్కలు, ఏరేస్తాడు. పొడుగెక్కినవి, మీసాలొచ్చినవి, రంగు మారినవి గట్టెక్కుతాయి. విత్తనం శుద్ధిగా ఉండాలంటే తప్పని పని. అయితే వాటిలో ఒకే ఊకలో రెండు గింజలున్న వెన్ను కంటబడితే మాత్రం దాన్ని పశువులకు వేయొద్దని నా మనవి.

వరి పువ్వులో ఆరు కేసరాలు, ఒకటే అండాశయం. అందుకే ఊకకొక గింజ. పువ్వు మొనలో కణాలు ఎంతవరకు పెరగాలో హద్దు గీసేవి ఫాన్1, ఫాన్4 అనే జన్యువులు. వాటిలో ఒకటి చెడితే మొన లావెక్కి కేసరాలు, అండాశయాలు ఎక్కువవుతాయి. ఇలాంటి మొక్క దొరకబట్టే అక్కడ హద్దొకటి ఉందని తెలిసింది. బెంగాల్‌లో జుగల్ అనే నాటు రకముంది, ఊకకు రెండేసి గింజలు. నాటు వడ్లను సేకరించే పర్యావరణ శాస్త్రవేత్త దేబల్ దేబ్ దాన్ని కాపాడుతున్నారు.

రెండు గింజలంటే రెట్టింపు దిగుబడి అనుకోకూడదు. గింజకు ఊకే అచ్చు. అదే ఇరుకులో ఇద్దరు సర్దుకోవాలి, ఆకు వండే తిండీ పెరగదు.

గుత్తి వరి సంగతి వేరు. దాని వెన్నులో ఒక్కో వడ్లగింజ ఉండాల్సిన చోట రెండు మూడు గుంపుగా ఉంటాయి. ఎందుకలా అన్నది చాలా కాలం చిక్కుముడే. 2024లో చైనా శాస్త్రవేత్తలు విప్పారు. బ్రాసినోస్టెరాయిడ్ అనే హార్మోనును విరగ్గొట్టే బీఆర్‌డీ3 జన్యువు, కొమ్మలు పుట్టే చోట మాత్రమే చురుగ్గా పనిచేస్తోందట. మొక్కంతా ఆ హార్మోను తగ్గితే గింజ చిన్నదవుతుంది. ఇక్కడ ఆ ఒక్క చోటే తగ్గింది గనుక కొమ్మలు పెరిగాయి, గింజ మాత్రం చిన్నది కాలేదు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

ఇలాంటి తేడాలను కావాలనే పుట్టిస్తారు కూడా. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి విత్తనాన్ని హైదరాబాదు శాస్త్రవేత్తలు రసాయనంలో నానబెట్టి, జన్యువులు మారిన వేల మొక్కల వరసలు సిద్ధం చేశారు.

మీకు దొరికితే ఆ మొక్కకు దారం కట్టండి. వడ్లు విడిగా ఆరబెట్టి, కొన్ని నంద్యాల పరిశోధనా స్థానంలో చూపించండి. మిగతావి వచ్చే ఏడు ఒక వరసలో నాటండి. వరి తనలో తానే పరాగం పోసుకుంటుంది కాబట్టి, ఆ తేడా వాతావరణం చేసిందా, వంశంలో ఉందా అన్నది ఆ వరసలోనే తేలుతుంది.