పైరుకు తవ్విన కాలువల్లో ఊరి మురుగు: నెల్లూరు మునకల వెనుక కథ

ప్రతి ఏడూ దీపావళి దాటగానే మా ఇంట్లో ఒక పని తప్పదు. బీరువా కింది అరలోని దస్తావేజులు, గోడకు ఆనించిన బియ్యం బస్తాలు, ఇన్వర్టర్ బ్యాటరీ అన్నీ ఎత్తు మీదికి ఎక్కించాలి. మూలాపేటలో పుట్టి, పెళ్లయ్యాక ఊరి అంచున కొత్తగా వచ్చిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. అరవై దాటిన ఈ వయసు వరకు నెల్లూరు వదిలి ఎక్కడా ఆరు నెలలు ఉన్నది లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఇలా సామాన్లు ఎత్తిపెట్టిన గుర్తు నాకు లేదు.

వానలు అప్పుడూ పడ్డాయి. ఈ జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే పెద్ద దిక్కు. ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు నడుమే పడిపోతుంది. వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు తెరిపి ఉండేది కాదు. అయినా వాన వెలిసిన పూటకే మా వీధి ఆరేది. ఇప్పుడు గట్టిగా గంట వాన చాలు, మాగుంట లేఔట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గర రైలు కట్ట కింది అండర్ బ్రిడ్జీలు నిండిపోయి ఊరు రెండు ముక్కలవుతుంది. అటు ఆస్పత్రికి పోవాల్సిన వాళ్లు ఇటే నిలబడిపోతారు.

ఎందుకిలా అని ఎవరిని అడిగినా రెండు జవాబులే వస్తాయి. వాతావరణం మారింది, కుండపోతలు ఎక్కువయ్యాయి అని ఒకటి. కాలువలు ఆక్రమించి ఇళ్లు కట్టారు అని రెండోది. రెండూ అబద్ధం కాదు. కానీ నాకు అవి సగం జవాబులే. ఆక్రమణలన్నీ రేపు పొద్దున్నే తొలగించినా ఈ ఊరు మునుగుతుందనే అనుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ఆ కాలువలు ఎవరికోసం తవ్వారో అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

నెల్లూరు పొలం మీద బతికిన ఊరు. తమిళంలో వరిని నెల్ అంటారు, ఊరి పేరు దాన్నుంచే వచ్చిందనే వాళ్లున్నారు. నెల్లి చెట్టు, అంటే ఉసిరి నుంచి వచ్చిందనే వాళ్లూ ఉన్నారు. నేను వరి పక్షం. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఏలినప్పుడు, తిక్కన ఇక్కడ ఉన్నప్పుడు దీని పేరు విక్రమసింహపురి. ఉత్తరాన పెన్న, పడమటి వైపు స్వర్ణాల చెరువు, తూర్పున పాతిక కిలోమీటర్ల లోపే మైపాడు సముద్రం. నేల వాలు సముద్రం వైపే. చెరువు నీళ్లు ఎత్తిపోయకుండానే కయ్యలకు, అంటే వరి మళ్లకు, పారేవి.

దీన్ని పెద్ద ఎత్తున వ్యవస్థగా మార్చింది పెన్న మీది ఆనకట్ట. కాటన్ దొర కాలంలో, 1855లో నెల్లూరు దగ్గర ఆనకట్ట కట్టారు. ఎగువన సంగం ఆనకట్ట 1886 నాటికి పూర్తయింది. నెల్లూరు ఆనకట్ట దగ్గర మళ్లిన నీరు చెరువుకు, సర్వేపల్లి కాలువకు, జాఫర్ సాహెబ్ కాలువకు పోయేది. వాటి కింద ఉయ్యాల కాలువ, మల్లప్ప కాలువ, గచ్చు కాలువ లాంటివి ఎన్నో. వాటి కింద లెక్కకు రానన్ని బోదెలు, అంటే పిల్లకాలువలు. రెండు ఆనకట్టల కింద కలిపి పెన్నా డెల్టాలో రెండు లక్షల ఎకరాలకు పైగా సాగయ్యింది. మొలగొలుకులు బియ్యానికి నెల్లూరు పేరు వచ్చింది ఈ నీళ్లతోనే. ఇక్కడ ధాన్యం లెక్క ఇప్పటికీ పుట్లలోనే. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. మొదటి పంట పోయినా ఎడగారు, అంటే రెండో పంట మీద ఆశ ఉండేది.

ఇక్కడ ఒక విషయం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం కథ దీని మీదే నిలబడి ఉంది. పొలానికి నీళ్లిచ్చే కాలువ వేరు, నీళ్లు బయటికి పంపే కాలువ వేరు. పైరు కాలువను మిట్ట మీద తవ్వుతారు, రెండు పక్కలా పల్లంలోని కయ్యలకు నీళ్లు దిగాలి కాబట్టి. అది మొదట్లో వెడల్పుగా ఉండి, తూము తూముకూ నీళ్లు పంచుకుంటూ పోయి చివరికి సన్నబడిపోతుంది. ఆఖరి రైతు దగ్గరికి వచ్చేసరికి అది మనిషి దాటగలిగే బోదె. మురుగు కాలువ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పల్లంలో పుడుతుంది, మొదట్లో సన్నగా ఉండి వీధి వీధి నీళ్లు కలుపుకుంటూ పోయేకొద్దీ వెడల్పవుతుంది. నెల్లూరు నడిబొడ్డున పారే కాలువల్లో ఎక్కువ భాగం మొదటి రకం. వాటి చేత మనం రెండో రకం పని చేయిస్తున్నాం. పైన ఒక మాదిరిగా ఉన్న కాలువ కిందికి పోయేకొద్దీ ఇరుకవుతుంటే, అందులో కలిసే నీళ్లు మాత్రం కిందికి పోయేకొద్దీ పెరుగుతున్నాయి. ఎక్కడో ఒక చోట పొంగక ఏం చేస్తుంది?

మా నాయన చెరువు కింద రెండెకరాలు కౌలుకు చేసేవాడు. తూము దగ్గర నీళ్లు పంచే లష్కరు ఉండేవాడు. ఎవరి వంతు ఎప్పుడో, ఎన్ని గడియలో అతనికి నోటి లెక్క. అతను వాన మొదలయ్యే ముందే తూము తలుపులు దించేసి, చెరువు పొర్లే కలుజు మీదుగా మిగులు నీళ్లు పోయేలా చూసేవాడు. అప్పట్లో వాన నీళ్లు కాలువలోకి రావాల్సిన పనే లేదు. కయ్యలే పట్టేవి. గట్టు ఎత్తు జానెడు ఉన్నా ఒక ఎకరం పొలం ఎంత నీటిని నిలబెట్టుకుంటుందో లెక్క వేసుకోండి. ఊరి చుట్టూ అలాంటి ఎకరాలు వేలకొద్దీ ఉండేవి. అవి ఉన్నన్నాళ్లు నెల్లూరుకు వేరే మురుగు కాలువల అవసరం పెద్దగా పడలేదు. ఊరు కూడా చిన్నది. 1866లో మునిసిపాలిటీ అయింది. 1901 జనాభా లెక్కల్లో ఊళ్లో ఉన్నది 32 వేల మంది. ఎత్తయిన చోట్ల ఇళ్లు, పల్లంలో పొలాలు. దర్గామిట్ట పేరులోనే మిట్ట ఉంది. పెన్న ఒడ్డున పొర్లుకట్ట అని ఒక పేటే ఉంది, వరద ఎక్కడిదాకా వస్తుందో తెలిసిన వాళ్లు పెట్టిన పేరు.

మార్పు ఒక్కసారిగా రాలేదు. 19వ శతాబ్దం చివర మద్రాసు, బెజవాడ రైలు మార్గం వచ్చింది. అప్పట్లో అది ఊరికి వరం. కానీ ఆ కట్ట ఉత్తరం నుంచి దక్షిణానికి నిలబడి, వాలు వెంట తూర్పుకు పోయే నీళ్లకు అడ్డం పడింది. పొలాలున్నంత కాలం అది ఎవరికీ పట్టలేదు. తర్వాత గేట్ల దగ్గర ట్రాఫిక్ తప్పించడానికి కట్ట కింద దారులు తవ్వారు. చుట్టుపక్కల అంతటికంటే పల్లంగా ఉన్న చోట్లు ఇప్పుడవే.

అసలు మలుపు 1980ల చివర. తూర్పున ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో రొయ్యల గుంటలు వెలిశాయి. ఎకరం వరి మీద ఏడాదికి కళ్లజూసే డబ్బు, గుంటలో ఒక్క పంటకు అనేక రెట్లు వచ్చింది. ఆ డబ్బంతా నెల్లూరు స్థలాల మీదికి వచ్చింది. 1994లో రొయ్యలకు తెల్ల మచ్చ వైరస్ పడి గుంటలు కుప్పకూలాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. కానీ అప్పటికే చాలామందికి అర్థమైపోయింది, పొలం కంటే స్థలమే నమ్మకమైనదని. నేను వాళ్లను తప్పు పట్టను. నేనూ ఒక కయ్యను ప్లాటుగా కొని ఇల్లు కట్టుకున్నవాణ్నే. నా పునాది కింద ఒక బోదె ఉండేదని నాకు తెలుసు. మట్టి తోలించినప్పుడు దాన్ని పూడ్చింది నేనే.

2001 లెక్కలకు ఊరి జనాభా 3.78 లక్షలు. 2004లో కార్పొరేషన్ అయింది. చుట్టుపక్కల పంచాయతీలు కలిశాయి. 2011కు ఐదు లక్షలు అయింది. చెరువు కింద ఆయకట్టు ఒక్కో లేఔట్‌గా మారిపోయింది. లేఔట్ మ్యాపుల్లో రోడ్లు ఉన్నాయి, పార్కు స్థలం ఉంది. నీళ్లు ఎటు పోవాలో మాత్రం లేదు. ఇంటి ముందు సైడు కాలువ వేశారు, దాన్ని తీసుకెళ్లి దగ్గర్లో ఉన్న పైరు కాలువలో కలిపారు. సెప్టిక్ ట్యాంకు పొంగు నీళ్లూ అందులోకే. ఇలా మెల్లగా సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ ఊరి మరుగుదొడ్ల నీళ్లు మోసే కాలువలయ్యాయి. పోనీ పూర్తిగా మురుగు కాలువలు అయ్యాయా అంటే అదీ లేదు. తూర్పున ఇంకా పొలాలు ఉన్నాయి, వాటికి నీళ్లు ఈ కాలువలోనే వదలాలి. సాగునీళ్లు వదిలిన రోజున మన ఇళ్ల మురుగు, ప్లాస్టిక్ సంచులు రైతుల కయ్యల్లోకి చేరతాయి. వదలని వేసవిలో అదే మురుగు కదలకుండా నిలబడి దోమలు పెంచుతుంది. నెల్లూరు దోమల మీద బయటి ఊళ్ల వాళ్లు నవ్వుతుంటే నాకు ఎంత మనాదిగా ఉంటుందో చెప్పలేను.

కాలువ ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడే చిక్కుపడింది. తవ్వింది సాగునీటి కోసం కాబట్టి అది ఒక శాఖది. అందులో పారేది ఊరి మురుగు కాబట్టి బాధ్యత ఇంకొకరిది. ఒకసారి మా కాలనీ వాళ్లం పూడిక తీయమని అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, నీళ్లు మావి కావు అన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే గట్టు మాది కాదు అన్నారు. ఆ అర్జీ నకలు నా దగ్గర ఇంకా ఉంది. ఏటా కాలువ నిండా గుర్రపు డెక్క పెరుగుతుంది, వానలు మొదలయ్యాక పొక్లెయిన్ వస్తుంది, తీసిన పూడిక గట్టు మీదే పోస్తారు, తర్వాతి వానకు అది మళ్లీ లోపలికే జారుతుంది.

దీనికి సరైన మందు భూగర్భ డ్రైనేజీ అని అందరికీ తెలుసు. గత దశాబ్దంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో ఇచ్చిన అప్పుతో, తాగునీటి పథకం కలిపి వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో ఆ పని మొదలైంది. వీధులన్నీ తవ్వారు. మేం సంతోషించాం, దుమ్ము తిన్నా ఓర్చుకున్నాం. తర్వాత పనులు ఆగుతూ సాగుతూ ఏళ్లు గడిచాయి. పైపు వేసినంత మాత్రాన ఇంటి మురుగు దానంతట అది పోదు. ప్రతి ఇంటి నుంచి కనెక్షన్ ఇవ్వాలి, పంపు హౌసులు నడవాలి, శుద్ధి చేసే ప్లాంటు పని చేయాలి. అదీ కాక భూగర్భ డ్రైనేజీ మోసేది ఇంటి మురుగునే. వాన నీళ్లకు వేరే దారి కావాలి. ఈ రెండో మాట ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

2015 నవంబరులో మద్రాసును ముంచిన వానలే నెల్లూరునూ ముంచాయి. అప్పుడు చాలా కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. 2021 నవంబరు సంగతి వేరు. అప్పుడు పొంగింది కాలువ కాదు, పెన్న. ఎగువన పెన్న మీది సోమశిల జలాశయం నిండి, 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికి వదిలారు. వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ నీట మునిగాయి. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. మద్రాసుకూ విజయవాడకూ నడుమ రాకపోకలే నిలిచిపోయాయి. ఆ రాత్రి ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. నది ఇసుక తీసీ తీసీ, ఒడ్డు పొడుగునా ఇళ్లు కట్టీ కట్టీ దాని దారిని మనం ఎంత ఇరుకు చేశామో అప్పుడు చూశాం. నది పొంగితే ఊళ్లోని నీళ్లు నదిలోకి పోలేవు. అటు నుంచి అదీ, ఇటు నుంచి ఇదీ.

మంచి జరగలేదని అనను. 2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ప్రారంభమయ్యాయి. శతాబ్దం దాటిన పాత ఆనకట్టల స్థానంలో అవి రావడం డెల్టా రైతులకు నిజంగా ఆసరా. చెరువు కట్ట మీద రోడ్డు వేసి దీపాలు పెట్టారు, సాయంత్రం జనం కుటుంబాలతో వస్తున్నారు. కాలువలకు కొన్ని చోట్ల కాంక్రీటు గోడలు కట్టారు. గోడ కట్టిన చోట గట్టు జారదు, నిజమే. కానీ కాలువ ఇరుకుగా ఉన్న చోట ఆ ఇరుకు కూడా కాంక్రీటులో శాశ్వతమైపోయింది.

నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది స్వర్ణాల చెరువును చూస్తే. మొహర్రం నెలలో ఈ చెరువు ఒడ్డునున్న బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. 2015 నుంచి అది రాష్ట్ర పండుగ. హిందువులు, ముస్లింలు పక్కపక్కనే చెరువు నీళ్లలో దిగి, తలమీద ముసుగు వేసుకుని ఒకరి రొట్టె ఒకరు తీసుకుంటారు. కోరిక తీరిన వాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్న వాళ్లు తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇల్లు రొట్టె. మా అమ్మ నన్ను చంకన వేసుకుని ఆ నీళ్లలో దిగిందట. పోయిన సారి నేను మా మనవరాలిని తీసుకుని వెళ్లాను. మెట్ల దగ్గర నీళ్ల వాసన చూసి, దిగొద్దులే అమ్మా అని చెప్పి, చేత్తో నాలుగు చుక్కలు ఆమె నెత్తిన చల్లి వచ్చేశాను.

మా కాలనీ చివర మట్టిలో సగం కూరుకుపోయిన పాత తూము రాయి ఒకటి ఉంది. ఈ వేసవిలో వీధిలో ఉన్న నలుగురం కలిసి దాని చుట్టూ తవ్వించాం. సర్వే వాళ్ల దగ్గర ఎఫ్ఎంబీ, అంటే పొలాల కొలతల పటం, నకలు తీసుకుని పక్కన పెట్టుకుని చూశాం. కాగితంలో ఆ తూము నుంచి తూర్పుకు ఒక బోదె గీత స్పష్టంగా ఉంది. నేల మీద దాని ఆనవాలు ఇరవై అడుగుల వరకు దొరికింది. ఆ తర్వాత ఒక ఇంటి ప్రహరీ, దాని అవతల రోడ్డు, రోడ్డు అవతల మా ఇల్లు.