పాత తలుపుకి అంత ధర ఎందుకు?

చిట్టితల్లికి, దాని పక్కన చేరి ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ వీధి చివరి పెంకుటిల్లు పడగొట్టేస్తున్నారనీ, గోడ మీద గడ్డపార పడకముందే ఎవరో వచ్చి తలుపులు, కిటికీలు, దూలాలు బేరమాడి లారీకెత్తించుకుపోయారనీ రాశావు. "పాతబడిందనే కదా ఇల్లు పడగొట్టారు! మరి ఆ ఇంటి తలుపుకి కొత్త తలుపు కన్నా ఎక్కువ ధర పెట్టి కొన్నారెందుకు తాతయ్యా?" అని అడిగావు. మిగిలిన వాటిలో నాలుగు చెక్కలూ, ఒక కిటికీ రెక్కా, కొన్ని ఇటుకలూ మేస్త్రీని అడిగి తెచ్చుకున్నారట. వాటితో నువ్వూ అన్నయ్యా పుస్తకాలకి అరలు చేసుకుందామనుకుంటున్నారట. నాకెంత సంతోషమేసిందో! అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు నీ ప్రశ్న. బియ్యం కొనేటప్పుడు మీ అమ్మమ్మ కొట్టువాణ్ణి మొదట అడిగేదేమిటి? "కొత్తవా, పాతవా?" అని. సంక్రాంతికి ఇంటికొచ్చిన కొత్త బియ్యం వండితే అన్నం ముద్దయిపోతుంది. ఎసరు కాస్త ఎక్కువైతే జావే. అవే ఏడాది మాగితే మెతుకు మెతుకు విడివిడిగా ఉంటుంది, బాగా ఒదుగుతుంది. అందుకే పాత బియ్యానికి ధర ఎక్కువ. చెక్క సంగతీ అంతే. చెట్టు కొట్టిన రోజున దాని ఒంటినిండా నీళ్ళే. ఆ నీరు పోతున్నకొద్దీ చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో మాత్రం దాదాపు తగ్గదు. అన్ని వైపులా ఒకేలా తగ్గదు కనక వంకర తిరుగుతుంది, పగుళ్ళిస్తుంది. మీ తలుపు చెక్క అరవై డెబ్భై వానాకాలాలు ఉబ్బి, అన్ని వేసవులూ ఎండి, తిరగాల్సిన వంకరలన్నీ ఎప్పుడో తిరిగేసింది. ఇప్పుడు కూడా వానల్లో కాస్త ఉబ్బుతుంది గానీ, కొత్త చెక్కలా నిన్ను మోసం చెయ్యదు.

ఇంకో మాట. గింజ పాలు పోసుకునే దశలోనే వరి కోసేస్తే ఎన్నాళ్ళు నిలవ చేసినా అవి మంచి బియ్యం కావు కదా. చెట్టు కూడా ముదరాలి. కాండం మధ్యలో ముదురు రంగులో గట్టిపడే భాగాన్ని చేవ అంటాం. బెరడు పక్కనుండేది తెల్లచెక్క. చెదలకీ పురుగుకీ ఇష్టమైనది ఆ తెల్లచెక్కే. పాత ఇళ్ళకి వాడిన టేకు బాగా వయసొచ్చిన చెట్లది కనక అందులో చేవ ఎక్కువ. ఇప్పుడు తోటల్లో పెంచి ఇరవై పాతికేళ్ళకే కొట్టేసే టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. కాకినాడ, కోరంగి, విశాఖ రేవులకీ బర్మాలోని రంగానికీ (రంగూన్‌కి) ఓడలు నడిచిన రోజుల్లో కోస్తాలో కలిగినవాళ్ళ ఇళ్ళకి బర్మా టేకు వచ్చేది. మీ వీధి తలుపు ఏ అడవిదో నాకు తెలియదు గానీ, ఆ లారీ మనిషికి మాత్రం చూడగానే తెలిసే ఉంటుంది.

పాతబియ్యమైనా రాళ్ళు ఏరకుండా ఎసట్లో పోస్తామా? చెక్కలో రాళ్ళంటే మేకులు. పైకి కనిపించేవి సరే, తల విరిగి లోపలే ఉండిపోయినవి ప్రమాదం. రంపం పళ్ళు విరుగుతాయి, ముక్క ఎగిరి కంట్లో పడవచ్చు. పాడైన స్పీకరులోంచి అయస్కాంతం తీసి, దారానికి కట్టి, చెక్క మీద నెమ్మదిగా జాలాడించండి. మేకు ఉన్నచోట అది టక్కున ఆగుతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. తుప్పు మేకు గుచ్చుకుంటే మాత్రం దాచకండి, ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవాలి.

బియ్యంలో పురుగు చూసినట్టే చెక్కలోనూ చూడాలి. గుండుసూది పట్టేంత బెజ్జాలు కనిపిస్తే భయపడకండి, అవి ఎప్పటివో కావచ్చు. చెక్కని ఒకసారి తట్టి దులిపి, కింద నల్లటి గుడ్డ పరిచి వారం పది రోజులు కదపకుండా వదిలేయండి. గుడ్డ మీద మెత్తటి పిండి రాలిందంటే పురుగు లోపల ఇంకా తింటూనే ఉందన్నమాట. అలాంటి చెక్కని ఇంట్లోకి తేవద్దు. వడ్రంగికి చూపిస్తే తెల్లచెక్క చెక్కేసి, మందు పెట్టాలో పారేయాలో చెబుతాడు.

మేకులంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఒక గాలివానకి మా పశువుల సావిడి కూలిపోయింది. తెల్లారేసరికి పెంకులు పెరడంతా చెల్లాచెదురు. ఊళ్ళో వడ్రంగిని మేమంతా మావయ్యా అనేవాళ్ళం. ఆయన వచ్చి కొలబద్ద తియ్యలేదు, రంపం తియ్యలేదు. పొద్దుటినించి మధ్యాహ్నం దాకా పడిపోయిన కలపంతా విడదీసి వాసాలు ఒకచోట, పలకలు ఒకచోట, ముక్కలు ఒకచోట పేర్చాడు. పిల్లలకి మేకుల పని అప్పగించాడు. వంగిన మేకుని నల్లరాయి మీద గూని పైకి వచ్చేలా పడుకోబెట్టి, మొన దగ్గర పట్టుకుని, గూని మీద చిన్నచిన్న దెబ్బలు వెయ్యాలి. గట్టిగా కొడితే ఇంకోవైపు వంగుతుంది. ఓ దెబ్బ, ఓ దొర్లింపు, మళ్ళీ ఓ దెబ్బ. రాయి మీద దొర్లించినప్పుడు తడబడకుండా సాఫీగా దొర్లితే మేకు తిన్నగా వచ్చినట్టే. డాల్డా డబ్బా నిండితే మా అమ్మ వేరుశనగ ఉండ పెట్టేది.

అప్పుడు మావయ్య చెప్పగా విన్న సంగతొకటి. టేకుకి బలం లోపల, తాటికి బలం బయట. తాటిదూలం కోసిన చోట చూస్తే అంచు చుట్టూ నల్లటి ఈనెలు ఒత్తుగా, ఇనుములా ఉంటాయి. మధ్యకి వెళ్ళేకొద్దీ మెత్తన. అందుకే తాటిని నిలువునా చీల్చి మెత్తన తీసేసి, అంచునే వాసాలుగా వాడతారు. ఒక చెట్టు అలా, ఒక చెట్టు ఇలా ఎందుకైందో ఆయన చెప్పలేదు. నాకు ఈ రోజుకీ తాటిమొద్దు కనిపిస్తే ఆగి చూడాలనిపిస్తుంది.

పేర్చడం అయ్యాక గానీ ఆయన మా అమ్మని పిలిచి "ఇప్పుడు చెప్పమ్మా, ఏం కావాలో" అనలేదు. వెడల్పు పలకలు పీటలయ్యాయి. పొట్టి ముక్కలు దేవుడి గూటికి తలుపయ్యాయి. వాసాలు మళ్ళీ సావిడికే వెళ్ళాయి. చిట్టితల్లీ, నీకు నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే. కొట్టులో కొనేటప్పుడు ముందు కొలత అనుకుని తర్వాత చెక్క తెస్తాం. పాత సామానుతో చేసేటప్పుడు ముందు చెక్కని చూసి తర్వాత కొలత అనుకోవాలి. డబ్బాలో ఎన్ని బియ్యం ఉన్నాయో చూడకుండా అంతమందిని భోజనానికి పిలవం కదా! నీ అర నాలుగడుగులు ఉండాలని ముందే పట్టు పడితే, మూడున్నర అడుగుల మంచి చెక్క నీకు పనికిరానిదిగా కనిపిస్తుంది. ఉన్నదాన్ని బట్టి కోరిక సర్దుకోవడం చిన్నతనం కాదమ్మా. చేతులకి అదొక చదువు.

ఇక మీ అరల సంగతి. మేకూ వద్దు, రంపమూ వద్దు. ఇటుకలు రెండు దొంతులు పేర్చి మీద చెక్క, దాని మీద మళ్ళీ దొంతులు, మళ్ళీ చెక్క. చెక్క అంగుళం మందం ఉంటే దొంతుల మధ్య మూడడుగులు దాటనివ్వకండి. మూడడుగుల అర నిండా పుస్తకాలు పెడితే పాతిక కిలోల దాకా బరువవుతుంది, మధ్యలో కుంగుతుంది. గోడకి ఆనించే పేర్చండి, రెండు అరలు చాలు. ఇంట్లో పాకే పిల్లాడు ఉన్నాడు కనక మూడోది వద్దు. చెక్కని బయటినించి తెచ్చి తిన్నగా ఏసీ గదిలో పెడితే పగుళ్ళిస్తుంది. పాతబియ్యాన్ని కాసేపు నానబెట్టి వండినట్టే, చెక్కని కూడా ఇంట్లో నీడన, కింద కర్రముక్కలు పెట్టి రెండు మూడు వారాలు ఊరుకోనివ్వాలి. తర్వాత అవిసె నూనె పల్చగా రాసి తుడవండి. ఆ నూనె గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట విప్పి ఆరేసి, పూర్తిగా ఆరాకే పారేయాలి. ఇది పెద్దవాళ్ళకి కూడా చాలామందికి తెలియదు, చెప్పండి.

కిటికీ రెక్క జోలికి మాత్రం మీరు వెళ్ళొద్దు. దాని మీద ఆకుపచ్చ రంగు ఉందన్నావు. పాత రంగుల్లో సీసం కలిపేవారు. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదనే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది, పిల్లల మెదడుకి అది విషం. నాన్నని తడిపి గీకమను, ముక్కుకి మంచి మాస్కు కట్టుకోమను, రాలినదంతా తడిగుడ్డతో ఎత్తమను. అలాగే పాత సిమెంటు రేకులు ఎవరైనా ఇస్తామన్నా తెచ్చుకోవద్దు, వాటిలో ఆస్బెస్టాస్ అనే, ఊపిరితిత్తులకి చేటు చేసే సన్నటి పీచు ఉంటుంది. కోసినా విరిచినా మంచిది కాదు. పాత కరెంటు తీగలు, స్విచ్చులు కూడా వద్దు.

మీ ఇటుకలకి అంటుకున్న తెల్లటి మట్టి చేత్తో రాలిపోతోందని రాశావే, అది డంగుసున్నం. సున్నం, ఇసుక కలిపి ఎద్దుల గానుగలో మెత్తగా నూరి గోడ కట్టేవారు. అది గాలి పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి మెల్లగా రాయిగా మారుతుంది. అయినా ఇటుక కన్నా మెత్తనే. అందుకే గోడ విప్పితే ఇటుకలు నిండుగా ఊడివస్తాయి. సిమెంటు అలా కాదు, పట్టు ఎక్కువ. గోడ పడగొడితే ఇటుకే విరుగుతుంది గానీ సిమెంటు వదలదు. ఆ పాత మేస్త్రీలు తమ గోడ ఎప్పుడో ఎవరో విప్పుతారని అనుకుని కట్టి ఉండరు. ఐనా వాళ్ళ ఇటుక నీ పుస్తకాల కిందికి నిండుగా వచ్చింది. రెండు ఇటుకలు ఒకదానికొకటి తాటించి చూడు. ఖంగుమంటే మంచిది. బొదబొదమంటే మొక్కల పాదు చుట్టూ పెట్టుకో.

ఇలా పాతవాటిని గౌరవించి ఇళ్ళు కట్టిన పెద్దాయన ఒకరు తిరువనంతపురంలో ఉండేవారు, లారీ బేకర్. ఇంగ్లండులో 1917లో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చి, 2007లో చనిపోయేదాకా ఇక్కడే ఉండిపోయారు. పడగొట్టిన ఇళ్ళ తలుపులూ కిటికీలూ తెచ్చి తన కట్టడాల్లో పెట్టేవారు, ఖాళీ సీసాలు గోడలో పొదిగి రంగు వెలుతురు తెప్పించేవారు. శ్లాబులో ఆయన చేసిన పని నాకు మరీ ఇష్టం. శ్లాబు మీద బరువు పడితే పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగాలని చూస్తుంది. సాగకుండా పట్టేవి ఇనప ఊచలు. ఆ ఊచల మధ్య ఉన్న కాంక్రీటుకి పెద్దగా పనేం లేదు. ఆ చోట్లలో పాత పెంకులు పెట్టి కాంక్రీటు పోయించారు. సిమెంటు మిగిలింది, కప్పు తేలికయింది, కింద పడుకుని చూస్తే ఎర్రటి పెంకుల వరస. ఇది మాత్రం ఇంజనీరు దగ్గరుండి చేయించాల్సిన పని, మీరు చూసి ఆనందించండి చాలు.

పెంకులనగానే ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మనం బెంగుళూరు పెంకులంటామే, బల్లపరుపుగా గాడులున్నవి, వాటి పుట్టిల్లు మంగళూరు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు అక్కడ 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత చాలామంది పెట్టారు. పెంకు అడుగున ఫ్యాక్టరీ పేరు, ఊరు అచ్చు గుద్దేవారు. ఆ ఇంట్లో తరాల మనుషులు పుట్టి పెరిగినా, కప్పు మీద ఉన్న ఆ పేరు ఎంతమంది తలెత్తి చదివారో!

పెంకులు ఇంకా లారీ ఎక్కలేదన్నావు కదా. ఈ ఆదివారం నాన్నని తీసుకుని వెళ్ళు, కాళ్ళకి బూట్లు వేసుకో. మేస్త్రీని అడిగి ఒక పెంకు తిరగేయించు. నాచు ఉంటే కొబ్బరిపీచుతో కడుగు. అక్షరాలు కనిపిస్తే తెల్లకాగితం పరిచి, పెన్సిలు అడ్డంగా పట్టి మెల్లగా రుద్దు, పేరు కాగితం మీదికి వస్తుంది. ఆ కాగితం మడిచి నాకు పోస్టులో పంపు. ఏ ఊరిదో కలిసి కనుక్కుందాం.

మీ
తాతయ్య