ఇస్త్రీలో బయటపడే మరక

కోనసీమలో పెళ్లికి వెళ్తే బొండం నీళ్లు తాగకుండా తిరిగి రావడం కష్టం. స్ట్రా లేకుండా ఎత్తి తాగితే నాలుగు చుక్కలు గడ్డం మీంచి తెల్ల పంచె మీద పడతాయి. నీళ్లేగా అని దులిపేసుకుంటాం. ఆరాక జాడే ఉండదు. అదే పంచె సంక్రాంతికి బీరువాలోంచి తీస్తే లేత గోధుమరంగు మచ్చలు! అప్పుడు మాటలు పడేది ఇస్త్రీ బండాయనో, డ్రై క్లీనింగ్ షాపువాళ్లో. నన్నడిగితే, చాలాసార్లు వాళ్ల తప్పేమీ ఉండదు.

బొండంలో ఉండేది ఎక్కువగా నీరే. మిగిలిన కొద్దిలో ప్రధానంగా గ్లూకోజు, ఫ్రక్టోజు, సుక్రోజు అనే చక్కెరలు. నీరు ఆవిరైపోయినా చక్కెర నూలు పోగుల మధ్యే ఉండిపోతుంది. దానికి రంగు లేదు కాబట్టి కనపడదు. ఫ్రక్టోజు సుమారు 110 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మాడి రంగు మారడం మొదలుపెడుతుంది. కాటన్‌కి పెట్టే ఇస్త్రీ వేడి 200 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే ఇస్త్రీ పెట్టె కింద జరిగేది పాకం ముదరడమే. ఇస్త్రీ చేయకుండా మడతపెట్టినా, నెలల తరబడి గాలి తగిలి అదే పని నిదానంగా జరుగుతుంది.

అరటి కర ఇంకా మొండిది. గెల కోసినప్పుడు కారే ఆ రసం మొదట దాదాపు నీళ్లలాగే ఉంటుంది. అందులోని ఫినాల్ పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఎంజైముల సాయంతో నల్లబడతాయి. కోసిన వంకాయ ముక్క నల్లబడేదీ ఇలాగే. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు మోసేవాళ్ల చొక్కాలు చూస్తే ఆ రంగు ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఇక డ్రై క్లీనింగ్ సంగతి. అక్కడ నీళ్లకు బదులు పెర్‌క్లోరోఎథిలీన్ లాంటి ద్రావకం వాడతారు. అది నూనెను, నెయ్యిని కరిగిస్తుంది గానీ చక్కెరను కరిగించలేదు. ఆత్రేయపురం పూతరేకు పట్టుచీర మీద రాలిందనుకోండి. నెయ్యి ద్రావకంలో పోతుంది, పంచదార చీరలోనే ఉండి చివర్లో వేసే ఇస్త్రీకి పసుపు తిరుగుతుంది. మచ్చ లేని చీర ఇస్తే మచ్చతో ఇచ్చారని గొడవ! చీర ఇచ్చేటప్పుడే ఎక్కడ ఏం ఒలికిందో చెప్తే, వాళ్లు ముందు ఆ చోటును నీటితో శుభ్రం చేస్తారు. గుర్తుకి పిన్నీసు పెట్టకండి, మన తేమకి తుప్పు మరక అదనంగా వస్తుంది. రంగు దారంతో ఒక కుట్టు వేస్తే చాలు.

నూలు బట్టకైతే అంత హడావుడి అక్కర్లేదు. ఆ రోజే చల్లటి నీళ్లలో జాడిస్తే చక్కెర కరిగిపోతుంది. గంజి, ఇస్త్రీ ఆ తర్వాతే. జాడించకుండా దాచిన బట్టకి ఇంకో గండం, రామబాణం పురుగు. దానికి తేమ, గంజి, తీపి మూడూ ఇష్టమే.

నూనె చుక్కలు చల్లటి నీళ్లకి లొంగవు, సబ్బు పట్టించాలి. పప్పునూనె (నువ్వుల నూనె) మరక గాలికి తొందరగా పసుపెక్కుతుంది. కొబ్బరినూనెలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వులే కాబట్టి అది నిదానిస్తుంది, అంతే తేడా.

మచ్చ రంగు బయటపడిపోయిన తెల్ల కాటన్‌కి మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేయొచ్చు. రంగునిచ్చే అణువులను అది విరగ్గొడుతుంది. ముందు లోపలి అంచున ఒక చుక్క వేసి చూడండి. జరీ జోలికి మాత్రం పోవద్దు. క్లోరిన్ బ్లీచింగ్‌ని దీంతో కలపకూడదు, పట్టుకి అసలు తగలనివ్వకూడదు. అది పట్టులోని ప్రోటీన్‌నే తినేస్తుంది. పట్టు మీద ముదిరిపోయిన పాత మచ్చకి ఇంట్లో చేయగలిగిందేమీ లేదు. కుచ్చిళ్లలో దాగే చోట ఉంటే అలాగే కట్టుకోవడం నయం.