మనాటీకి పడవ చప్పుడు వినిపిస్తుందా?

మనాటీ అంటే నీటిలోనే బతుకుతూ గడ్డి మేసే భారీ క్షీరదం. అమెరికాలోని ఫ్లోరిడాలో పరిశోధకులు ఒక మనాటీని మరోదాని నుంచి ఆనవాలు పట్టేది ఎక్కువగా వీపు మీది మచ్చలను చూసే. వాటిలో చాలావరకు మోటారు పడవలు చేసిన గాట్లే. అంత మోతతో పడవ మీదికొస్తుంటే పక్కకు తప్పుకోదేం? చెవుడా?

ఈ సంగతి తేల్చడానికి పరిశోధకుడు ఎడ్మండ్ గెర్‌స్టీన్ బృందం టాంపాలోని ఒక జూలో స్టార్మీ, డండీ అనే రెండు మనాటీలకు వినికిడి పరీక్ష పెట్టింది. ఆ తర్వాత సరసోటాలోని మోట్ మెరైన్ లాబొరేటరీలో మరో రెండు మనాటీలు హ్యూ, బఫెట్‌ల వంతు వచ్చింది. పరీక్షంటే పెద్ద హంగామా ఏం కాదు. మనాటీ నీటిలో చెప్పినచోట కదలకుండా నిలబడాలి. శబ్దం వినబడిందో లేదో తనకు నేర్పిన పద్ధతిలో తెలపాలి. సరిగ్గా చెబితే తిండి దొరుకుతుంది. శబ్దాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతారు. మధ్యమధ్య అసలు శబ్దమే పెట్టరు, తిండి ఆశతో ఊరికే ‘విన్నాను’ అంటుందేమో పట్టుకోవడానికి. ఈ తంతు నెలల తరబడి సాగాలి. ఓపిక ఎవరికి ఎక్కువ కావాలో చెప్పడం కష్టం.

1999లో వెలువడ్డ గెర్‌స్టీన్ ఫలితాల ప్రకారం మనాటీ 400 నుంచి 46,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాకా వింటుంది. మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది. మనాటీ చెవి బాగా పదునుగా ఉండేది 16,000–18,000 హెర్ట్జ్ దగ్గర. చిక్కంతా అక్కడే. నెమ్మదిగా వెళ్లే పడవ మోత ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనే, అంటే మంద్రమైన శబ్దాల్లోనే ఉంటుంది. మనాటీ చెవి మందగించేదీ అక్కడే. అంటే, దాని మేలు కోరి వేగం తగ్గించిన పడవే దానికి సరిగ్గా వినబడకపోవచ్చు.

దీన్ని పట్టుకుని వేగపరిమితులే దండగ అనడం నాకు తొందరపాటుగా తోస్తుంది. నెమ్మదిగా వచ్చే పడవ తప్పుకోవడానికి వ్యవధి ఇస్తుంది, తగిలినా దెబ్బ తక్కువ. పైగా మనాటీ చెవితోనే అన్నీ గ్రహించదు. దాని ఒళ్లంతా పలచగా పరుచుకున్న వెంట్రుకల మొదళ్లలో నరాలుంటాయి. నీటిలో అతి సన్నని కదలికనూ అవి పసిగడతాయని హ్యూ, బఫెట్‌లే చూపించాయి. అందుకే బాగా తక్కువ పౌనఃపున్యాల దగ్గర అది ‘విన్నాను’ అంటే, విన్నది చెవో చర్మమో తేల్చడం కష్టం.

ఇంకో మాట. పరీక్ష జరిగే తొట్టిలో చుట్టూ నిశ్శబ్దం, దృష్టంతా తిండి మీదే. బయట అది నిద్రలో ఉండొచ్చు, గడ్డి మేస్తుండొచ్చు, నాలుగు పడవల మోత ఒకేసారి చెవిన పడొచ్చు. అందుకే తర్వాత పరిశోధకులు స్వేచ్ఛగా తిరిగే మనాటీలకే శబ్దాన్ని, కదలికను నమోదుచేసే పరికరాలు తగిలించారు. పడవ దగ్గరికొచ్చినప్పుడు చాలా మనాటీలు వేగం పెంచి లోతు నీటివైపు మళ్లడం కనబడింది.